ఇలకోడికి పెట్టిన ఆకు

ఓబులేసుకు వాడి నోరే శత్రువైంది.

నల్లమలలో కోన స్వామి ఆశ్రమానికి ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే స్వామి ఒక్క వాక్యం చెబుతాడు. శిష్యులు పొద్దు గూకేదాకా నోరు మెదపకుండా దాన్ని లోలోపలే నమలాలి. సంజీవప్ప అందులో ఘనుడు. రాతి మీద కూర్చున్నాడంటే ఇక కదిలేవాడు కాదు. ఓబులేసుకు మాత్రం వాక్యం లోపల నిలిస్తేనా! ఎండెక్కకముందే ఏదో రాగం కట్టుకుని గొంతులోంచి తన్నుకొచ్చేది. వాడు సిగ్గుతో చచ్చిపోయేవాడు. చివరికి పైగుడ్డ చింపి నోటికి కట్టుకున్నాడు.

వైశాఖ పున్నమి దగ్గర పడుతోంది. ఎవరు ఉండాలో, ఎవరు వెళ్లాలో స్వామి ఆ రోజే చెబుతాడు. ఇల్లూ వాకిలీ వదులుకుని వచ్చినవాడు, పొమ్మంటే ఎక్కడికి పోతాడు? ఆ దిగులుతో వాడికి తిండి సయించడం లేదు. ఓ ఉదయం ఉండబట్టలేక, తాను సంజీవప్పలా ఎప్పటికవుతానని అడిగేశాడు.

స్వామి లేచాడు. మూత బుట్టలో మోదుగాకులు పరిచాడు. చెట్టు మీద కీచుమని అరుస్తున్న ఇలకోడి పురుగును ఒకదాన్ని, ఆకులు తినే పెంకుపురుగును ఒకదాన్ని పట్టి అందులో వేశాడు.

"సాయంత్రం దాకా రెంటినీ కాపాడు నాయనా."

పెంకుపురుగు వెంటనే పనిలో పడింది. ఇలకోడి ఓ మూల నక్కింది. అరుపు లేదు, కదలిక లేదు. ఓబులేసు లేతాకు తెచ్చి దాని మూతి దగ్గర పెట్టాడు. నీళ్లు చిలకరించాడు. నోటికి గుడ్డ ఉందన్న సంగతే మరిచి బతిమాలాడు. మధ్యాహ్నానికి అది పక్కకు ఒరిగిపోయింది. పురుగును కాపాడలేనివాణ్ణి స్వామి ఎందుకు ఉంచుకుంటాడు?

ఇక ఆగలేక, దాన్ని అరచేతిలో పెట్టుకుని పరుగెత్తాడు. ఎదురైన చెట్టు మానుకు ఆనించి దూరంగా నిలబడ్డాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత అది మెల్లగా బెరడులోకి మూతి గుచ్చి చెట్టు రసం పీల్చింది. ఇంకాసేపటికి కోనంతా మోగేలా రాగం అందుకుంది.

పొద్దు వాలాక భయపడుతూనే బుట్ట తెచ్చి స్వామి ముందు పెట్టాడు. నోటి గుడ్డ కిందికి లాక్కుని జరిగింది చెప్పాడు.

"ఎంత లేతాకు పెట్టినా ముట్టలేదు స్వామీ. మీరు పరిచిన ఆకులే కదా, ఎందుకు తినదనుకున్నాను."

"ఇప్పుడెక్కడుంది?"

"మన కోనలోనే, చెట్టు మీద పాడుతోంది స్వామీ."

స్వామి బుట్టలోకి తొంగి చూశాడు. పెంకుపురుగు ఇంకా నములుతూనే ఉంది.

"ఆకులు నేను దీని కోసం వేశానురా," అన్నాడు.

ఓబులేసు చెయ్యి మెడలో వేలాడుతున్న గుడ్డ మీదికి పోయింది. ముడి విప్పాడు.