గురిగమ్మ మెట్ట: ఒకే పొయ్యి, విడి గురుగులు

ఎర్రగొండిపల్లె దాటి మైలున్నర వెళితే గురిగమ్మ మెట్ట వస్తుంది. ఇప్పుడు ఆటోలు మెట్ట కిందిదాకా వస్తున్నాయి గనుక నడక తప్పింది. చంకన బిడ్డను ఎత్తుకొని వచ్చేవారికి అది మేలే. ఇక్కడ గోపురం లేదు. రెండు పెద్ద బండలు ఒకదానిపైకి ఒకటి ఒరిగి కప్పు వేసినట్టు ఉంటాయి. వాటి నడుమ మూడేళ్ళ పిల్ల ఎత్తున ఒక రాయి, దాని ముందు నేలరాతిలో దోసెడు లోతున ఒక గుంట. రాతికి పసుపు కుంకుమలు, నడుముకు నల్లని మొలతాడు. ఆమే అమ్మవారు. ఆ గుంట వాన ధారకు పడిందని చదువుకున్నవారు కొందరు చెప్పారు. పైన కప్పు ఉండగా ధార ఎట్లా పడుతుందని పూజారి అడిగితే, కప్పు తరువాత ఒరిగి ఉంటుందన్నారు. ఆ వాదం అక్కడితో ఆగింది.

పూర్వం ఇక్కడ పల్లె లేదు. మెట్ట కింద గొర్రెలు మేపుకొనే ఓబుళమ్మ ఇల్లు ఒక్కటే ఉండేది. నలుగురు కొడుకులు, నలుగురు కోడళ్ళు, పదకొండుమంది మనవలు. పిల్లలందరికీ ఒకే కంచు తాంబాళంలో సంగటి పెట్టేవారు. చుట్టూ కూర్చొని తినేవారు. తాంబాళం ఎప్పుడూ తుడిచినట్టు ఖాళీ అయ్యేది. అది చూసి ఓబుళమ్మకు తృప్తి.

చిన్నకోడలు తిమ్మక్కకు ఒక్కతే కూతురు, నాగి. మూడు నిండి నాలుగో ఏడు నడుస్తున్నది. ఆ ఈడు పిల్లలకు జలుబు, నులిపురుగులు, నాలుగు నాళ్ళ విరేచనాలు వింత కాదు. చిక్కుతారు, తగ్గాక మళ్ళీ పుంజుకుంటారు. నాగి చిక్కడమే గాని పుంజుకోవడం లేదు. దసరాకు కట్టిన మొలతాడు సంక్రాంతి నాటికి తుంటి మీదికి జారింది. తిమ్మక్క తాడును మడిచి ఒక ముడి వేసింది. మాఘంలో రెండోది, శివరాత్రికి మూడోది. ఉగాదికి నాలుగోది వేసింది. ఇక వేయడానికి తాడుంది గాని బిడ్డలో ఏమీ మిగలలేదని ఆమెకు తోచింది.

దిష్టి తీశారు. తాయెత్తు కట్టారు. తాయెత్తు బరువుకు తాడు ఇంకా జారింది.

అన్నిటికన్నా తిమ్మక్కకు అంతుపట్టనిది ఒకటుంది. పిల్ల రోజూ తాంబాళం ముందు కూర్చుంటున్నది, తాంబాళం ఖాళీ అవుతున్నది, మరి తిన్నది ఎక్కడికి పోతున్నట్టు? ఒకనాడు ఆమె పని మాని గుంజ చాటున నిలబడి చూసింది. నాగి మొదటి ముద్దను బుగ్గన పెట్టుకొని చీమలను చూస్తున్నది. రెండో ముద్దకు చేయి చాచేసరికి అన్నలు తాంబాళం తుడిచేశారు.

"అత్తా, నాగికి వేరే గిన్నెలో పెడతా," అంది తిమ్మక్క.

ఓబుళమ్మ చేట పక్కన పెట్టింది. "ఎవరు నేర్పినారమ్మే నీకు ఈ మాట? గిన్నె వేరైతే పొయ్యి వేరైతాది. పొయ్యి వేరైతే మంద వేరైతాది."

"పసిబిడ్డ గిన్నె అత్తా."

"మా మరిదీ అట్లనే అన్నాడు, నాకు కారం పడదు, కూర విడిగా పెట్టండని. ఏడాది తిరక్కముందే సగం గొర్రెలు తోలుకొని పాయె. ఒకసారి చూసినా, చాలు."

ఆ భయం ఆమె ఒక్కతెది కాదు. ఉమ్మడి ఇళ్ళలో విడి కంచం అంటే వేరు కాపురానికి మొదటి మెట్టని ఆ కాలంలో అందరి నమ్మకం.

మరునాడు మిట్టమధ్యాహ్నం మందను నీడకు తోలి, తిమ్మక్క ఈ బండల కింద కొంగు పరిచి పడుకుంది. కునుకు పట్టగానే కలలో నల్లని చిన్నపిల్ల ఒకతె వచ్చి రాతికి ఆనుకొని కూర్చుంది.

"పొద్దున ఆ బక్క గొర్రెపిల్లను ఏం చేసినావు?" అని అడిగింది.

"పక్కకు కట్టి పాలు తాపినా. మందలో వదిలితే దానికి మిగలదు."

"నీ బిడ్డను యాడ వదిలినావు?"

తిమ్మక్క ఇంటి వైపు చూసింది. పిల్ల మళ్ళీ అంది: "రోజూ రెండు పూటలా గురిగిలో నా వంతు తీసుకురా. నాకు చూపి నీ బిడ్డకు పెట్టు. అది మెల్లగా తింటాది. తిన్నంతసేపూ నువ్వు లేవొద్దు."

మెలకువ వచ్చి చూస్తే, పిల్ల కూర్చున్న చోట రాయి ఉంది. దాని ముందు, పొద్దున లేని గుంట ఉంది.

గురిగి అంటే పిడికెడు అన్నం పట్టే చిన్న మట్టిముంత. దూరంగా వాగు ఒడ్డున ఉన్న కుమ్మరి ఒకటి ఉత్తినే ఇచ్చాడు. ఆ ఇంటివారే నేటికీ ఇక్కడ పూజారులు. దేవుడి వంతు అనేసరికి ఓబుళమ్మ కాదనలేకపోయింది. కాని నాలుగో నాడు కోడలి వెనకే మెట్ట ఎక్కింది. నాగి ఒక ముద్ద తిని బల్లిని చూసింది, ఇంకో ముద్ద తిని దానికి తోక ఎందుకని అడిగింది. ఎండ ఈ బండ మీదినుంచి ఆ బండ మీదికి పోయింది.

"ఇంతసేపా తినేది?" అంది ఓబుళమ్మ.

"ఇంతే అత్తా. తాంబాళం ఇంతసేపు ఆగదు."

ఓబుళమ్మ గురిగి వైపు చూసి, "దసరా దాకా చూస్తా," అంది. "తాడు మార్చేనాటికి ఆ ముడులు అట్లనే ఉంటే గురిగి పగలగొట్టి నిన్ను పుట్టింటికి తోలిస్తా. పిల్ల ఈడనే ఉంటాది."

వానాకాలంలో నాగికి మళ్ళీ విరేచనాలు పట్టుకున్నాయి. కడుపు మాడిస్తే తగ్గుతుందని తోడికోడళ్ళు చెప్పారు. గురిగి ఆపమని అమ్మవారు చెప్పలేదని తిమ్మక్క అంది. కాచి చల్లార్చిన నీళ్ళతో ఉప్పు వేసిన పలుచటి గంజి చేసి, గుటక గుటకగా పట్టింది. వారం తిరిగేసరికి పిల్ల తానే గురిగి ఎత్తుకొని మెట్ట దారి పట్టింది.

దసరానాడు ఓబుళమ్మ నాగిని ముందు నిలబెట్టుకొని మొలతాడు చూసింది. తాడు నడుమును ఒరుసుకొని ఎర్రని గీత పడి ఉంది. మొదటి ముడి విప్పింది. రెండు, మూడు విప్పింది. నాలుగోది బిగుసుకుపోతే పళ్ళతో లాగింది. ముసలామె బుట్ట తీసుకొని వాగు వైపు వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పటికి బుట్టలో పది గురుగులున్నాయి. నాగి గురిగితో కలిపి పదకొండింటినీ వరసగా పెట్టి, తానే సంగటి వడ్డించింది.

"గురుగులు ఎన్నైనా కానీ," అంది. "పొయ్యి ఒకటే."

అప్పటినుంచి ఈ మెట్ట మీద అదే ఆచారం. నైవేద్యం ఒకే పొయ్యి మీద వండుతారు, అయిదేళ్ళ లోపు పిల్లలకు ఎవరి గురిగిలో వారికి వడ్డిస్తారు. తల్లి అయినా తాను తినడానికి అందులో చేయి పెట్టకూడదు. దసరాకు బిడ్డ మొలతాడు విప్పి అమ్మవారి నడుముకు చుట్టి, కొత్తది కడతారు. ఆ ఈడులో పిల్లలు లావుకన్నా పొడుగు సాగుతారు గనుక, పూజారి తాడుతోపాటు బండ మీది గీతల పక్కన నిలబెట్టి ఎత్తు కూడా చూస్తాడు. రెండూ నిరుటిలాగే ఉంటే తాయెత్తు ఇవ్వడు. కింద అంగన్‌వాడీ టీచరు తూకం పెట్టుకొని కూర్చుంటుంది, ముందు అక్కడికి, ఆపై డాక్టరు దగ్గరికి పంపుతాడు. అది అమ్మవారి మాటేనని చెబుతాడు.

గురిగిని ఇంటికి తీసుకువెళ్ళి అందులోనే బిడ్డకు విడిగా పెట్టుకొనేవారికి అమ్మ చల్లని చూపు ఉంటుందని భక్తుల నమ్మకం. దూరం నుంచి వచ్చేవారు ఒకటి గమనించాలి. ఇక్కడ హారతి గంటకు వేళ లేదు. వడ్డించిన పిల్లల్లో ఆఖరి బిడ్డ, చీమలను, బల్లులను చూసుకుంటూ, తన గురిగి ఖాళీ చేసేదాకా గంట కొట్టరు. పెద్దలు ఎంతటివారైనా అంతవరకు కూర్చోవలసిందే.