గవర్రాజు ఇంటికొచ్చిన నల్లటి టీవీ

వడ్లలంకలో గవర్రాజు ఇల్లంత తెలివైన ఇల్లు ఇంకోటి లేదు. ఈ మాట ఊరు అనలేదు, గవర్రాజే అన్నాడు. ఎవరైనా నమ్మకపోతే పెళ్ళాం పాపాయమ్మనీ, తమ్ముడు భూషణాన్నీ, తల్లి నూకాలమ్మనీ సాక్ష్యం పిలిచేవాడు. ముగ్గురూ ఒక్క గొంతుతో "ఆయ్, నిజమేనండి" అనేవారు. వాన పడితే కొత్త గొడుగు తడిసిపోతుందని దాన్ని కొంగులో చుట్టి, తాను తడుస్తూ ఇంటికొచ్చే తెలివి నూకాలమ్మది. మిగతా వాళ్ళంతా ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళే.

గవర్రాజు కూతురు హైమ. కబడ్డీలో గట్టి పిల్ల. కూతకెళ్ళిందంటే ఇద్దర్ని ముట్టుకుని గానీ తిరిగి రాదు. జిల్లా జట్టులో చేరింది, ఆ జట్టు ఫైనల్ దాకా వచ్చింది, ఆ ఆట టీవీలో వేస్తున్నారని పట్నం నుంచి ఫోన్ చేసింది. ఇంకేముంది! ఇంట్లో పాత టీవీ పెట్టి చూశారు. తెర నిండా చారలు.

"ఇందులో మన పిల్లేదో, కబడ్డీ గీతేదో ఎలా తెలుస్తుందే?" అన్నాడు గవర్రాజు. పొలం పనుల్లో పడి కూతురి ఆట ఒక్కసారి కూడా చూడలేదని అతనికి లోపల బెంగ. "దాని మొహం మీద చెమట చుక్క కూడా కనబడాలి. అన్నిట్లోకీ మంచి టీవీ కొందాం."

వంతెన దాటితే టౌను. నలుగురూ నడిచి టీవీల కొట్టుకి వెళ్ళారు. ఫణీంద్ర అనే సేల్స్‌మాన్ ఎదురొచ్చి రెండు పెద్ద టీవీల ముందు నిలబెట్టాడు.

"ఇది మినీ ఎల్ఈడీ అండి. తెర వెనకాల వేలకొద్దీ చిన్న చిన్న దీపాలుంటాయి. ఎండ పడే గదిలో కూడా బొమ్మ ధగధగలాడిపోతుంది."

పాపాయమ్మ టీవీ వెనక్కి వంగి చూసింది. "వేల దీపాలా! ఒత్తులెవరు చేస్తారండీ? నూనెవరు పోస్తారు? నావల్ల కాదు బాబూ."

"అయితే ఈ ఓలెడ్ తీసుకోండమ్మా. దీనికి వెనక దీపాలే అక్కర్లేదు. ఇందులో ప్రతి చుక్కా తనంతట తనే వెలుగుతుంది. ఆరిన చుక్క పూర్తిగా ఆరిపోతుంది. అందుకే ఇందులో నలుపంటే నిజమైన నలుపు. చీకటి గదిలో చూడాలండీ దీన్ని!"

"ఎంత నలుపేంటి?" అన్నాడు భూషణం.

"మీరు చూసిన ఏ నలుపైనా దీని ముందు తీసికట్టే. కావాలంటే పోల్చి చూసుకోండి."

అంతే. భూషణం వంతెన మీదుగా పరుగెత్తాడు. కాసేపటికి ఇంట్లో గేదెని తోలుకుని కొట్టులోకి వచ్చేశాడు.

"గేదెనెందుకు తెచ్చారండీ!" అని ఫణీంద్ర కేక పెట్టాడు.

"మీరే కదండీ పోల్చి చూసుకోమన్నారు. మా ఇంట్లో ఇంతకంటే నల్లటిది లేదు" అంటూ గవర్రాజు గేదెని ఓలెడ్ పక్కన నిలబెట్టి, ఒక కన్ను మూసి చూశాడు, రెండో కన్ను మూసి చూశాడు. గేదె మాత్రం ఇటు చూడనే లేదు. అవతల మినీ ఎల్ఈడీలో పచ్చగడ్డి మైదానం వస్తోంది. అది మెడ చాచి ఆ తెరని ఈ చివర నుంచి ఆ చివరికి నాకేసింది.

"గేదెకి అది నచ్చిందిరా" అంది నూకాలమ్మ.

"చూసేది మనమా, గేదా? మన గేదెకంటే ఓలెడ్డే నలుపు. ఇదే కట్టండి" అన్నాడు గవర్రాజు.

ఫణీంద్ర తెర తుడుచుకుంటూ, వీళ్ళెప్పుడు వెళతారా అని చూస్తూ, చివరగా ఒక్క జాగ్రత్త చెప్పాడు. "కదలని బొమ్మని గంటల తరబడి ఉంచకండి. తెర మీద దాని అచ్చు పడిపోవచ్చు."

ఇంటికి తెచ్చి గోడవార బల్లమీద పెట్టారు. భూషణం తీగ తీసి ప్లగ్గులో పెట్టబోతే గవర్రాజు చెయ్యి పట్టుకున్నాడు. "తనంతట తనే వెలుగుతుందని చెప్పలేదూ? కరెంటెందుకురా దండగ!"

అందరూ చాప వేసుకుని కూర్చున్నారు. తెర నల్లగా ఉంది. చాలాసేపు చూశారు.

"ఆహా! నిజమైన నలుపు" అన్నాడు గవర్రాజు.

"గేదె పనికిరాదండీ దీని ముందు" అంది పాపాయమ్మ.

సాయంత్రమంతా అలా మెచ్చుకుంటూ కూర్చున్నాక, "ఒరేయ్, మరి బొమ్మెప్పుడొస్తుందిరా?" అంది నూకాలమ్మ. కొట్టుకి ఫోన్ చేశారు. ప్లగ్గు పెట్టమని ఫణీంద్ర చెప్పాడు. పెడితే బొమ్మ వచ్చింది.

"ఆ కొట్టువాడికి ఒక మాట మీద నిలకడ లేదు" అన్నాడు గవర్రాజు.

ఆట రోజు వచ్చింది. మిట్టమధ్యాహ్నం మొదలు. చీకటి గదిలో చూడాలి కదా! కిటికీలకి గోనెసంచులు కట్టారు. తలుపు సందుల్లో కొబ్బరిపీచు కుక్కారు. గది చిమ్మచీకటైంది. భూషణం తడుముకుంటూ రిమోటు అనుకుని నూకాలమ్మ వేలు నొక్కాడు. ఆవిడ కెవ్వుమంది. "వాల్యూమ్ పనిచేస్తోందన్నయ్యా" అన్నాడు భూషణం. ఆఖరికి రిమోటు దొరికింది, టీవీ వెలిగింది, గదంతా వెలుతురు పరుచుకుంది.

"అయ్యో, చీకటి పాడైపోయింది!" అని పాపాయమ్మ నెత్తి కొట్టుకుంది. "ఈ వెలుగెక్కడి నుంచొస్తోందండీ?"

"టీవీలోంచే."

"అయితే దాన్ని కప్పెయ్యండి!"

ఇంకేముంది, టీవీ మీద దుప్పటి కప్పారు. గది మళ్ళీ చీకటైంది. బొమ్మ కూడా పోయింది. అప్పుడు గవర్రాజుకి ఉపాయం తట్టింది. నలుగురూ తలలు దుప్పట్లోకి దూర్చారు. తెర ముక్కులకి తగులుతోంది. ఉక్కపోతకి చెమటలు కారుతున్నాయి. అయినా గవర్రాజు కళ్ళు మెరిశాయి. అదుగో హైమ! జడ బిగించి కూతకి బయల్దేరింది. "కబడ్డీ కబడ్డీ" అంటూ ఇద్దర్ని ముట్టుకుని గీత తాకింది. "నా తల్లే!" అన్నాడు.

ఆ సంతోషంలో భూషణం గావుకేక పెట్టాడు. "అన్నయ్యా, ఆ మూల పాయింట్ల పెట్టె చూడు! మొదట్నుంచీ కదలట్లేదు. అచ్చు పడిపోతుంది!"

"కదిలించండిరా!" అంది నూకాలమ్మ.

అంతే. అన్నదమ్ములిద్దరూ టీవీని చెరో పక్కా పట్టుకుని లేపి, తూర్పుకీ పడమరకీ ఉయ్యాల ఊపినట్టు ఊపారు. అత్తాకోడళ్ళు దుప్పటితో సహా తూర్పుకీ పడమరకీ పరుగెత్తుతూ చూశారు. ఆట ఆఖరికొచ్చింది. రెండు జట్లూ సమానం. హైమ మళ్ళీ కూతకెళ్ళింది. "ఇంకా గట్టిగా ఊపరా!" అన్నాడు గవర్రాజు. ఊపిన ఊపుకి ప్లగ్గు ఊడొచ్చింది. తెర ఆరిపోయింది.

ప్లగ్గు వెతికి పెట్టేసరికి సబ్బుల ప్రకటన వస్తోంది. గవర్రాజు చాప మీద కూలబడిపోయాడు. అంత కష్టపడీ ఆఖరి కూత చూడలేకపోయానే అని కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. అప్పుడు ఫోన్ మోగింది.

"నాన్నా, గెలిచాం! చూశావా?"

"ఊపుతూ ఉన్నానమ్మా, ఆఖర్లో పోయింది" అన్నాడు గవర్రాజు దీనంగా.

"బాధపడకు నాన్నా. ఆదివారం అదే ఆట మళ్ళీ వేస్తారు."

ఆదివారానికి హైమ కప్పుతో ఇంటికొచ్చింది. తండ్రి కప్పుని ముద్దు పెట్టుకుని, కూతురికి పులిహోర పెట్టించి, పక్కన కూర్చోబెట్టుకుని టీవీ పెట్టాడు. ఈసారి కిటికీలన్నీ తెరిచే ఉంచారు. తెర మీద హైమ జట్టు పిల్లలు ఒకరి వెనక ఒకరు బరి తాకి కళ్ళకద్దుకుంటూ లోపలికి వస్తున్నారు.

గవర్రాజు తెరని చూశాడు. పక్కన పులిహోర తింటున్న కూతుర్ని చూశాడు. చటుక్కున లేచి నిలబడ్డాడు.

"అమ్మాయ్! నువ్విక్కడుంటే అక్కడెవరాడతారే?"

హైమ కూడా ఆ ఇంటి పిల్లే కదా. చేతిలో ముద్ద విస్తట్లో పడేసి లేచింది. "అయ్యో! నాకు చెప్పకుండా మొదలెట్టేస్తున్నారే!" అంటూ జడ బిగించింది. పాపాయమ్మ బూట్లు అందించింది. భూషణం రోడ్డుకి అడ్డంగా నిలబడి పట్నం వెళ్ళే ఎక్స్‌ప్రెస్ బస్సుని ఆపేశాడు. డ్రైవరు తిడుతున్నా వినకుండా పిల్లని ఎక్కించారు.

బస్సు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. నలుగురూ రొప్పుతూ ఇంట్లోకొచ్చి టీవీ ముందు కూర్చున్నారు. తెర మీద హైమ అప్పుడే కూతకి బయల్దేరుతోంది.

"చూశావా అమ్మా!" అని గవర్రాజు తొడ చరిచాడు. "ఎక్స్‌ప్రెస్ ఎక్కించాం కాబట్టి సరిపోయింది. అదే పాసింజర్ బస్సైతే ఇంకా వంతెన మీదే ఉండేది!"