కళ్ళు తెరవమని చెప్పలేదు

కోదండపాణి మాస్టారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుల్లో ఎవరు "వెళ్ళొస్తాను మాస్టారూ" అన్నా, చేతిలో ఎంత పని ఉన్నా ఆపి, కళ్ళజోడు తీసి, ఆ మనిషి మొహం చూసి "మంచిది" అనేవారు. ఆ మాట వినపడేదాకా ఎవరూ మెట్లు దిగేవారు కాదు. పార్వతీపురంలో పిండిమర మీది గది ఆయన కంప్యూటరు బడి. కింద మర ఆడుతుంటే పైన కీబోర్డుల మీద సన్నగా పిండి రాలేది. ఆ పిండి దులుపుకుంటూ సి భాష నేర్చుకుని ఉద్యోగాల్లో కుదురుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆయన "మంచిది"ని ఆయన వెనకాల వెక్కిరించినవాళ్ళూ వాళ్ళే. చదువు అబ్బినంత తొందరగా మర్యాద అబ్బదు కదా.

వాళ్ళందరిలోకీ హైమ చురుకైన పిల్ల. తోటివాళ్ళు "వెళ్ళొస్తానే" అంటే స్క్రీను మీంచి కళ్ళు తిప్పకుండా "ఊఁ" అనేది. తెలివైనవాళ్ళకు పట్టే జబ్బే దానికీ పట్టింది. పని ఒకరికి అప్పజెప్పాక ఇక అటు చూడదు.

ఆ ఏడు వర్తక సంఘం వాళ్ళు హైస్కూల్లో మూడు రోజుల కంటి శిబిరం పెట్టారు. వచ్చినవాళ్ళను వరుసలో పిలిచే ప్రోగ్రాం హైమ రాసింది. ఊరంతా చూస్తుండగా ఆమె చేసిన మొదటి పని అదే. ఏర్పాటు తేలికైనదే. తల్లి ప్రాసెస్ ఒకటి, అంటే అసలు ప్రోగ్రాం, ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. మనిషిని పిలవాల్సి వచ్చినప్పుడల్లా అది ఒక పిల్ల ప్రాసెస్‌ను పుట్టిస్తుంది. ఆ పిల్ల మైకులో నంబరు చెప్పి, బోర్డు మీద చూపించి, తన పని ముగించుకుంటుంది. మొదటిరోజు పొద్దున్నంతా ముచ్చటగా నడిచింది. మధ్యాహ్నానికి మైకు మూగబోయింది. చూపు ఆననివాళ్ళు, కర్రల మీద నిలబడ్డవాళ్ళు ఎండలో ఉండిపోయారు. సంఘం పెద్ద అప్పలకొండ వచ్చి ఆ కంప్యూటరు పెట్టె వంకా, హైమ వంకా చూశాడు.

"ఏటమ్మా ఇది? దీనికన్నా మా కొట్లో కలాసీ గొంతు నయం. రేపు మనుషుల చేత పిలిపించుకుంటాం. ఎల్లుండికి బాగుపడితే సరే, లేకపోతే నీ పెట్టె నువ్వు పట్టుకుపో."

సాయంత్రం హైమ మాస్టారి ఎదుట కూర్చుంది. మొహం కందిపోయి ఉంది.

"పిల్లలన్నీ పని పూర్తి చేశాయి మాస్టారూ. చేసి చచ్చిపోయాయి కూడా. అయినా కంప్యూటరు రాసుకునే పట్టికలో వాటి పేర్లు అలాగే ఉన్నాయి. పట్టిక నిండిపోయి కొత్త పిల్ల పుట్టడం లేదు."

"తల్లి వాటికోసం వెయిట్ చేసిందా?"

"తల్లి ఎందుకు ఆగాలి? పిల్ల పని పిల్ల చేసుకుంటుంది. తల్లి ఆగి కూర్చుంటే తరవాతివాళ్ళను ఎవరు పిలుస్తారు? ప్రోగ్రాం ఆపేసి మళ్ళీ మొదలుపెడితే అన్నీ వాటంతటవే పోతున్నాయి, చూశాను."

"పోతాయి. తల్లి పోతే పిల్లలన్నీ, కంప్యూటరు వెయ్యగానే అన్నిటికన్నా ముందు పుట్టే ఒకటో నంబరు ప్రాసెస్ పాలబడతాయి. అది వాటి ఆఖరి మాట విని సాగనంపుతుంది. నీ పిల్లలు సాగిపోవాలంటే నువ్వు చావడమొక్కటే దారి అంటావు, అంతేనా?"

హైమకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. "ఎత్తిపొడుపులు తరవాత మాస్టారూ. ఎందుకు ఆగాలో చెప్పండి."

"రేపు ఆ ప్రోగ్రాం చేసే పని నువ్వు చెయ్యి. రేపు సాయంత్రం చెబుతాను" అన్నారాయన.

మర్నాడు పొద్దున్నే హైమ మైకు పట్టుకుంది. ఒక్కొక్కరినీ పిలిచి నర్సు రత్నకుమారి దగ్గరకు పంపాలి. రత్నకుమారి కళ్ళలో చుక్కలు వేసి, కళ్ళు మూసుకోమని చెప్పి, వరండాలో కూర్చోబెడుతుంది. కంటిపాప బాగా విచ్చుకున్నాక వాళ్ళను డాక్టరు గదిలోకి తీసుకెళ్ళడం కూడా హైమ పనే. అయితే హైమ గొంతు మంచి గొంతు, చెయ్యి చురుకైన చెయ్యి. పిలవడం, పంపడం, పిలవడం, పంపడం. బయట వరుస చకచకా కదులుతుంటే ఆ పిల్లకు నిన్న పడ్డ అవమానమంతా దిగిపోయింది. అలా ఎంతసేపు సాగిందో, రత్నకుమారి కేకతో ఆగింది.

"అమ్మాయ్, ఇంక పంపకు! కూర్చోబెట్టడానికి నా ఒళ్ళొక్కటే మిగిలింది!"

హైమ వెనక్కి తిరిగింది. బల్లలు నిండిపోయాయి. గోడవారగా నేల కూడా నిండిపోయింది. అంతమందీ కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, హారతి కోసం కాచుకున్నవాళ్ళలా కూర్చుని ఉన్నారు. డాక్టరమ్మ గది గుమ్మంలో నిలబడి టీ తాగుతోంది.

"ఎవరూ రావడం లేదేం?" అంది డాక్టరమ్మ. "ఊళ్ళో కళ్ళన్నీ ఒక్కసారే బాగుపడిపోయాయా?"

లోపల డాక్టరు ఖాళీ. బయట ఎండలో జనం. మధ్యలో పని అయిపోయినవాళ్ళు. హైమ మొదటి బల్ల దగ్గరకు వెళ్ళింది. చివర్లో సంతలో చింతపండు అమ్ముకునే గున్నమ్మ కూర్చుని ఉంది.

"మామ్మా, నీకెప్పుడు వేశారు చుక్కలు?"

"పొద్దునే ఏసినారు."

"అయితే ఎప్పుడో అయిపోయింది కదా! లేచి లోపలికి రావచ్చుగా?"

"నీకేటమ్మా, నువ్వలాగే అంతావు" అంది గున్నమ్మ, కళ్ళు విప్పకుండానే. "సుక్కలేసి కల్లు మూసుకోమన్నారు. తెరమని ఎవులూ సెప్పనేదు. సెప్పకుండా నెగిసిపోతే, నా కన్నుకేటైనా అయితే, నీ కన్ను పీకిస్తావేటి?"

పక్కనున్నవాళ్ళు కళ్ళు మూసుకునే నవ్వారు. గున్నమ్మ మాత్రం నవ్వలేదు. గొంతు తగ్గించింది.

"ఈ ఎడమ కన్ను మండిపోతందమ్మా. తలకాయ పగిలిపోతంది. ఎవులైనా ఒచ్చి అడిగితే సెబుదామని కూకున్నాను."

హైమ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. డాక్టరమ్మ లైటు వేసి చూసి, టీ గ్లాసు పక్కన పెట్టేసింది. ఆ చుక్కలు కొందరికి పడవట. కంట్లో ఒత్తిడి పెరిగిపోయింది. మందు వేసి, మాత్ర మింగించి, మంచం మీద పడుకోబెట్టి, అప్పుడు హైమ వైపు తిరిగి నెమ్మదిగానే అంది: "ఇంకాసేపు అక్కడే ఉంటే ఆ కంటికి చూపు దక్కేది కాదు."

ఆమె తిట్టి ఉంటే బాగుండునని హైమకు అనిపించింది.

ఆ తరవాత హైమ పిలిచే తీరు మారింది. ఒకరిని పిలవగానే వరండా వైపు తిరిగేది. "ఎవరికైనా అయిందా?" అని అడిగేది. చెయ్యెత్తిన ప్రతివాళ్ళ దగ్గరకూ వెళ్ళి, "కన్ను ఎలా ఉంది?" అని అడిగి, చెప్పింది విని, లోపలికి పంపేది. ఎవరూ చెయ్యెత్తకపోతే అక్కడ నిలబడిపోకుండా మళ్ళీ మైకు అందుకునేది. వరుస ఆగిందీ లేదు, వరండా నిండిందీ లేదు. తల్లి ఆగితే పనెవరు చేస్తారని నిన్న సాయంత్రం వాదించిన మనిషి ఈవిడేనా అనిపించేది, ఆ వాదన విన్నవాళ్ళెవరైనా చూస్తే.

సాయంత్రం మాస్టారి గదికి వచ్చి, నేరుగా కీబోర్డు ముందు కూర్చుంది. ప్రోగ్రాంలో ఆమె చేర్చిన వరసలు చాలా కొంచెం. మర్నాడు ఆ ప్రోగ్రాం పొద్దుగూకేదాకా నడిచిందనీ, పెట్టె పట్టుకుపొమ్మని అప్పలకొండ మళ్ళీ అనలేదనీ ఇక్కడే చెప్పేస్తున్నాను. అసలు సంగతి అది కాదు గనక.

"అయింది మాస్టారూ. ఒక్కసారి చూస్తారా?" అంది హైమ. "ఒక్కో పిలుపు తరవాత తల్లి ఒకసారి వెనక్కి చూస్తుంది. ఎన్ని పిల్లలు ముగించుకుంటే అన్నిటి మాటా విని పంపేస్తుంది. ఏదీ ముగించుకోకపోతే ఆగకుండా తన పని తను చూసుకుంటుంది. ఏ పిల్లయినా బాగాలేదని చెబితే ఆ సంగతి బోర్డు మీద పడుతుంది."

మాస్టారు స్క్రీను వైపు రాలేదు. గుడ్డతో పిండి తుడుచుకుంటున్నారు. శిబిరంలో జరిగింది అప్పటికే ఆయన చెవిన పడింది.

"ఆ ముసలమ్మకు ఎలా ఉంది?"

"నొప్పి తగ్గింది. రేపు మళ్ళీ రమ్మన్నారు. కొడుకు వచ్చి సైకిలు మీద తీసుకెళ్ళాడు."

"వెళ్ళేటప్పుడు నీతో చెప్పిందా?"

"చెప్పింది. వరసలో ఇంకా జనం ఉన్నారు, నేను పిలుస్తూ ఉన్నాను. గేటు దాకా వెళ్ళి, సైకిలు ఆపించి, నడిచి వెనక్కి వచ్చింది. 'ఎల్లొస్తానమ్మా' అంది."

"నువ్వేమన్నావు?"

హైమ కీబోర్డు మీది పిండిని వేలితో గీసింది.

"మైకు కింద పెట్టాను మాస్టారూ. లేచి నిలబడి, మంచిది మామ్మా, వెళ్ళిరా అన్నాను."

కోదండపాణి మాస్టారు చేతిలో గుడ్డ బల్ల మీద పెట్టారు. కళ్ళజోడు తీసి శిష్యురాలి మొహం చూశారు.

"అయితే ప్రోగ్రాం నేను చూడక్కర్లేదు" అన్నారు.