నాగులుమీరా బాగుచేసిన మైకు

అనగనగా ఒక మైకు. ఆ మైకుకి అటొకడు, ఇటొకడు. మధ్యలో తగువు. తగువు పుట్టి అప్పటికే రెండేళ్ళు నిండినై. మూడో ఏడు నడుస్తంది.

"నా గొంతు మింగినోడివి నువ్వు," అంటన్నాడు అటుపక్కాయన. ఆయన గంధం పేరయ్య. నాటకాల్లో రాజు వేషం కడతాడు.

"పని చేశా పేరయ్యన్నా. కూలి ఇయ్యి," అంటన్నాడు ఇటుపక్కాయన. ఆయన దూదేకుల నాగులుమీరా. మైకులు బాగుచేస్తాడు.

"మైకులో దూది కూరినందుకు నీకు కూలి గూడానా?"

ఎర్రవాగు తిరునాళ్ళలో జరుగుతంది ఇది. పందిరి కింద, పట్టపగలు, ఊరందరి ముందర. జనం నవ్వారు. పోయినేడూ నవ్వారు, అంతకు ముందేడూ నవ్వారు. నాగులుమీరా తువ్వాలు దులుపుకోని వెళ్ళిపోయాడు. పోయినేడూ అట్టాగే పోయాడు.

ఆ కూలి పెద్దదేం కాదు. నాలుగు రోజుల బియ్యం గూడా రావు. మరి దానికోసం మూడేళ్ళు తిరగటమేందంటారా. అదే కథ.

ఊళ్ళలోకి కరెంటు కొత్తగా వచ్చిన రోజులవి. నాగులుమీరా వాళ్ళది దూది ఏకే ఇల్లు. వాళ్ళ నాయన ఏకాడు, తాత ఏకాడు. దుమ్ము మింగి మింగి, దగ్గి దగ్గి, ఇద్దరూ దూదిమీదే నెత్తురు కక్కుకోని పోయారు. తర్వాత మిల్లు పరుపులొచ్చినై. దూది ఏకించుకునేవాడు లేకుండా పోయాడు. నాగులుమీరా దూది ఏకే వింటిబద్ద అటకమీద పడేసి, టూరింగు టాకీసు ఆపరేటరు కాడ టంకం పెట్టటం నేర్చుకున్నాడు. సైకిలు షాపు మెట్ల కింద గోనెపట్టా పరుచుకోని కూర్చున్నాడు.

మైకు మూతికి పైన జల్లెడ ఉంటది, చూశారుగా. జల్లెడ లోపల స్పాంజి ఉంటది. మాట్టాడే వాడి ఊపిరి, ఎంగిలి అన్నీ అదే పట్టుకుంటది. ఏళ్ళు గడిస్తే ఆ స్పాంజి పాకం ముదిరినట్టు జిగటపడిద్ది. ఇంకా ముదిరితే పొడిపొడిగా రాలిద్ది. రాలిన పొడి లోపల పడితే గొంతు బొంగురుగా వచ్చిద్ది. వేరేవాళ్ళయితే ఫట్‌మని ఒకటి కొట్టి ఊదేసి ఇచ్చేవాళ్ళు. నాగులుమీరా అట్టా కాదు. జల్లెడ ఊడదీసి, అగ్గిపుల్లకి దూది చుట్టి, స్పిరిటులో ముంచి, సందుసందూ తుడిచేవాడు. కొత్త స్పాంజి బ్లేడుతో కోసి, రెండు వేళ్ళమధ్య నలిపి చూసేవాడు. ఎంత మందం ఉండాలో ఆ వేళ్ళకి తెలుసు. దూది నలిపిన వేళ్ళుగా.

అయిపోయినాక మైకు మూతికాడ పెట్టుకోని మూడు చూసేవాడు. ముందు ఊపిరి వదిలేవాడు. "ఊపిరి పట్టింది." తర్వాత ఒక మాట అనేవాడు. "మాట పట్టింది." తర్వాత సన్నగా కూనిరాగం తీసేవాడు. "పాట పట్టింది. తీసుకుపో."

తీసిన పాత స్పాంజి రోడ్డుమీద పారెయ్యడు. కాయితంలో మడిచి, దారం కట్టి, మైకుతోపాటు ఎవరిది వాళ్ళకే ఇచ్చేవాడు. ఏం పాడైందో చెప్పయ్యా అని పక్కనోళ్ళు అడిగితే, "నాకు బాగుచెయ్యమని ఇచ్చారు, చదవమని ఇయ్యలా," అనేవాడు.

ఆయన కాడికి ఒకనాడు పేరయ్య వచ్చాడు. పేరయ్య ఒకరు మాట్టాడిన మైకులో మాట్టాడడు. సొంత మైకు, పట్టుగుడ్డ సంచిలో చుట్టుకోని తిరిగేవాడు. రాజుగదా మరి. "సాయిబూ, నా మైకు గొంతు పూడింది, చూడు," అన్నాడు.

నాగులుమీరా జల్లెడ ఊడదీశాడు. స్పాంజి నల్లగా జిగటపడి ఉంది. గిల్లి బయటికి తీశాడు. నలుపులో గోధుమరంగు మచ్చలు. దాని కింద ఇంకా ఆరని ఎరుపు. తుడిచిన దూదికీ అంటింది. దూదిమీద నెత్తురు ఎట్టా ఉంటదో ఆ ఇంట్లో పుట్టినోడికి ఇంకోళ్ళు చెప్పాలా?

షాపులో ఎవరూ లేకుండా చూసి చెప్పాడు. "మైకు బాగైంది అన్నా. నువ్వే బాలేవు. డాక్టరుకి చూపించుకో."

పేరయ్య గోడకి ఆనుకున్నాడు. రాజు వేషం కట్టే మనిషి, చేతులు పట్టుకున్నాడు. నెత్తురు పడతందని తెలిస్తే తనని ఒక్క ఊరోళ్ళూ పిలవరని, తన వెనక పదకొండుమంది వేషగాళ్ళు ఉన్నారని, వాళ్ళ పెళ్ళాంబిడ్డలు ఉన్నారని ఏడ్చినంత పని చేశాడు.

"నాకు బాగుచెయ్యమని ఇచ్చావు, చదవమని ఇయ్యలా," అన్నాడు నాగులుమీరా. పాత స్పాంజి, ఆ దూది కాయితంలో మడిచి దారం కట్టి ఇయ్యబోయాడు. పేరయ్య దాన్ని ముట్టుకోటానికి జడిసి, మైకు మాత్రం తీసుకోని పోయాడు. కూలి ఆట అయినాక ఇస్తానన్నాడు.

ఆ ఆటలోనే గొంతు పోయింది. పెద్ద రాగం ఎత్తుకున్నాడు, సగంలో తెగింది. మళ్ళీ ఎత్తుకున్నాడు, తెగింది. మూడోసారి గాలే వచ్చింది. జనం ఈలలేశారు. ఆ జనాన్ని చూసి పేరయ్యకి చావు భయమేసింది. మైకు చూపించి, "ఆ దూదేకులోడు ఇందులో పరుపు దూది కూరాడు," అన్నాడు.

జనం నమ్మారు. దూది ఏకేవాడు దూది కాక ఇంకేం కూరతాడు, అనుకున్నారు. ఒక్కడన్నా జల్లెడ తిప్పి చూస్తే నిజం తెలిసేది. ఒక్కడూ చూడలా.

తెల్లారేసరికి మెట్ల కిందికి మూడూళ్ళ వాళ్ళొచ్చి మైకులు తీసుకుపోయారు. మళ్ళీ ఎవరూ తేలా. పిల్లలు గూడా "మా దిండులో దూది తగ్గింది, నీ మైకులో ఉందా తాతా" అని అడిగిపోయేవాళ్ళు.

నాగులుమీరా భార్య సైదాబీ నోరున్న మనిషి. "నీకు ఏదో తెలుసు. చెప్పు. చెప్పి బతుకు," అంది. ఆయన చెప్పలా. ఆ కాయితం పొట్లం నశ్యం డబ్బాలో పెట్టి గూట్లో ఉంచాడు. అదేందంటే పేరయ్యదన్నాడు. తెరుస్తానంది. "అది నీకు బాగుచెయ్యమని గూడా ఇయ్యలా," అన్నాడు.

ఏటా తిరునాళ్ళకి పొయ్యి కూలి అడిగేవాడు. మూడో ఏడు, ఆ నవ్వులన్నీ అయినాక, పేరయ్య మనసు ఊరుకోక, వెళ్ళిపోతన్న ఆయన్ని పందిరి వెనక్కి పిలిచి నూరు రూపాయలు చేతిలో పెట్టబోయాడు.

"ఇది నోరు మూసుకున్నందుకు," అన్నాడు నాగులుమీరా. "దానికి నేను కూలి తీసుకోను. పని బాగుందని నలుగురి ముందర నా కూలి నాకియ్యి. వేరేదేం చెప్పబాకు."

పేరయ్య ఇయ్యలేకపోయాడు. పని బాగుంటే పాడైంది ఏందని జనం అడుగుతారుగా.

ఆ వానాకాలం నాగులుమీరా చచ్చిపోయాడు. తాతలాగా, నాయనలాగా, దగ్గి దగ్గి. మొయ్యటానికి నలుగురు కావాలి, ముగ్గురే వచ్చారు. నాలుగో పక్క సైకిలు షాపాయన పట్టాడు, అదీ షాపు మూసే టైమైందని.

సైదాబీ నలభై దినాలు చేసింది. ఏడుపులు అయినై. గూడు సర్దింది. నశ్యం డబ్బా తగిలింది. మళ్ళీ తిరునాళ్ళు వచ్చినాక దాన్ని కొంగున కట్టుకోని పోయింది.

మజ్జాన్నం పూట. పందిట్లో మైకులు కడతన్నారు. పేరయ్య చిక్కి సగమయ్యాడు. రాజు వేషం ఇంకొకడికిచ్చి, గొంతులో కండ పెరిగిందని చెప్పి పక్కన కూర్చుంటన్నాడు. సైదాబీ తిన్నగా పొయ్యి డబ్బా ఆయన ఒళ్ళో పెట్టింది.

"ఇది నీదంట, అన్నా. మూడేళ్ళు మా ఇంట్లో ఉంది. ఆయన ఎవరికీ చూపించలా. నేనూ దారం ఇప్పలా. నీది నువ్వు తీసుకో."

పేరయ్య డబ్బా తెరిచాడు. దారం కట్టింది కట్టినట్టే ఉంది. ఇప్పాడు. స్పాంజి నల్లపొడి అయిపోయింది. దూది మాత్రం అట్టాగే ఉంది, మచ్చతో సహా.

లేచాడు. పట్టుగుడ్డ సంచిలోంచి తన మైకు తీసి స్టాండుకి పెట్టించాడు. మూడేళ్ళుగా ఎవరూ విప్పని మైకది. నాగులుమీరా కోసిన స్పాంజే లోపల ఉంది. మూతికాడికి వంగాడు.

ఊపిరి వదిలాడు. ఊపిరి పట్టింది. పందిరి చివర జీళ్ళ కొట్టాయన తలెత్తి చూశాడు.

మాట అన్నాడు. గొంతు లేదు, గుసగుసే. అయినా మాట పట్టింది. తిరునాళ్ళంతా వినపడింది.

"మైకు మంచిదే. పోయింది నా గొంతు. ఆట కంటే ముందే పోయింది. అది నాగులుమీరాకి తెలుసు, మీకు చెప్పలా. దూది మాట నేను కల్పించా."

పాట పట్టలా. పాట లేదు కాబట్టి.

ఒక్కడూ నవ్వలా. సైకిలు షాపాయన నేల చూశాడు.

పేరయ్య ఆ ఏడు దాటలా. ఆయన సంగతి ఎక్కువమందికి గుర్తు లేదు. నాగులుమీరాని మాత్రం మా పక్కన మైకు కట్టేవాడెవడూ మర్చిపోడు. ఇప్పటికీ మైకు పెట్టగానే హలో అనరు. ముందు ఊపిరి వదులుతారు, తర్వాత మాట అంటారు, తర్వాత కూనిరాగం తీస్తారు. "మీరా, పట్టిందా?" అని అడిగి అప్పుడు జనానికి ఇస్తారు. పాత స్పాంజి తీస్తే, ఎవరి మైకుదైనా సరే, చూడకుండా కాయితంలో మడిచి దారం కట్టి ఇస్తారు. చూసినోడికి పని ఇయ్యరు. మైకు చెడిందని ఎవడన్నా మెకానిక్కుని తిడితే, "ముందు నీ గొంతు చూపించుకోరా" అంటారు.

అదంతా తర్వాత. ఆ పూట మాత్రం పేరయ్య మైకు వదిలి నూరు రూపాయల నోటు తీశాడు. సైదాబీ వద్దంది. అందరి ముందర జీళ్ళ కొట్లో మార్పించుకురమ్మంది. స్పాంజికి రూపాయి, స్పిరిటుకి పావలా, చేతిపనికి రెండు అని గట్టిగా చెప్పింది. మిగతాది ఆయన చేతిలోనే ఉంచి, తన కూలి కొంగున ముడేసుకోని ఇంటికి పోయింది. మూడు రూపాయల పావలా.