అవతలి ఒడ్డు వీరన్న

అనగనగా ఒక అడవిలో, పిల్లలూ, ఒక నాటకాల మేళం ఉండేది. ఆ మేళానికి గురువు ఒక ముసలి కొండముచ్చు. పేరు కోటప్ప. మొహం కాటుక నలుపు, గడ్డం పత్తి తెలుపు. తోక మాత్రం బారెడు. కోటప్ప తాత తోకతో తాళం వేశాడంటే రాయి కూడా చిందెయ్యాల్సిందే అని చెప్పుకునేవారు.

ఏటా ఇప్పపూలు రాలే రోజుల్లో ఆ మేళం ఒకే ఒక్క నాటకం ఆడేది. ఉక్కుకొమ్ముల వీరన్న కథ. వీరన్న ఎవరనుకున్నారు? ఆ అడవిని కాపాడిన మహావీరుడు. ఒక్క గెంతులో ఏరు దాటేవాడట. కొమ్ముతో కొడితే కొండరాయి రెండు ముక్కలయ్యేదట. ఒకసారి కార్చిచ్చు అంటుకుంది. వీరన్న ఏరు దాటేశాడు, ప్రాణం దక్కించుకున్నాడు. అప్పుడు వెనక మంటల్లోంచి ఒక పిల్ల ఏడుపు వినిపించింది. వీరన్న ఆగాడు. వెనక్కి తిరిగాడు. మళ్ళీ మంటల్లోకే దూకాడు. నాటకంలో ఆ ఘట్టం రాగానే పిల్లా పెద్దా అంతా లేచి నిలబడి, "అడవి తల్లికి జై!" అని అరిచేవారు.

వీరన్న జాతికి దుప్పి. అయినా మోదుగాకుల మొహం కట్టుకుని, ఎండుకొమ్మల కిరీటం పెట్టుకుంటే ఎవరైనా వీరన్నే. ఒక ఏడాది ఆ వేషం ఎలుగుబంటి వేసింది. ఇంకో ఏడాది కుందేలు వేసింది. ఎవరూ ఏమీ అనలేదు.

ఆ ఏడు కొత్త వేషగాడు కావాల్సి వచ్చింది. కోటప్ప అడవంతా చాటింపు వేయించాడు. ముగ్గురు వచ్చారు.

మొదట నెమలి వచ్చింది. చూడ్డానికి ఎంత బాగుందో! కానీ అందరూ తన తోకనే చూస్తున్నారా లేదా అని చూసుకుంటూ మాటలు మరిచిపోయింది.

తర్వాత తోడేలు వచ్చింది. ఒకటే అరుపులు. మంటల్లో పడ్డ పిల్ల వీరన్నను చూసి ఇంకా బెదిరిపోయేలా ఉంది.

చివరికి ఒక మనుబోతు వచ్చాడు, గుర్రమంత ఎత్తు జింక. పేరు నీలకంఠం. తక్కువ మాటలవాడు. పొద్దున్నే వచ్చి, అందరూ మేసి వెళ్ళాక మిగిలింది మేసే రకం.

"వెయ్యి నాయనా," అన్నాడు కోటప్ప.

నీలకంఠం ఏరు దాటినట్టు గెంతాడు. ఊపిరి పీల్చుకున్నాడు. అంతలో ఆగిపోయాడు. అరవలేదు, రంకె వెయ్యలేదు. ఒక్క చెవి మాత్రం మెల్లగా వెనక్కి తిప్పాడు. అంతే! చూస్తున్నవాళ్ళందరికీ ఆ పిల్ల ఏడుపు నిజంగా వినిపించింది. ఒక లేడి ఉలిక్కిపడి తన పిల్ల పక్కనే ఉందో లేదో చూసుకుంది.

కోటప్ప కళ్ళు చెమర్చాయి. "నలభై వానాకాలాలుగా ఈ ఆట ఆడిస్తున్నాను. వీరన్న ఎందుకు వెనక్కి తిరిగాడో నాకివాళ అర్థమైంది. వేషం నీదేరా!" అన్నాడు.

కథ ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది! కానీ మర్నాడు అడవిపంది పెద్దిరాజు వచ్చాడు. ఆయన అడవి పెద్దల్లో ఒకడు. మాట గట్టిది, మెడ అంతకంటే గట్టిది. పక్కకి తిరగదు.

"కోటప్పా, ఆ మనుబోతు ఏ ఒడ్డున పుట్టాడు?" అని అడిగాడు.

"అవతలి ఒడ్డున పుట్టాడండి పెద్దిరాజు గారూ. కరువు ఏడు వాళ్ళమ్మ వెంట ఏరు దాటి వచ్చాడు. అప్పటికి ఇంకా పాలు తాగే దూడ."

"అవతలి ఒడ్డువాడు మన వీరన్న వేషం కడతాడా?"

"నేను ఆట చూశానండి. ఒడ్డు చూడలేదు."

"నువ్వు చూడలేదు. మేం చూస్తాం," అని పెద్దిరాజు విసవిసా వెళ్ళిపోయాడు.

మూడో రోజు పెద్దలు సభ పెట్టారు. నీలకంఠాన్ని మధ్యలో నిలబెట్టారు. దొంగను నిలబెట్టినట్టు! పాపం, అతను చేసిన తప్పేమిటి? బాగా ఆడడం.

"మాకు నీమీద కోపం లేదబ్బాయ్," అన్నాడు పెద్దిరాజు. కోపం లేదని మొదలుపెట్టేవాళ్ళతో జాగ్రత్తగా ఉండాలి, పిల్లలూ. "ఒక్క మాట చెప్పు. వేసవిలో ఏటి నీళ్ళ కోసం అవతలి అడవితో మాకు పేచీ వస్తుంది. అప్పుడు నువ్వు ఎటు నిలబడతావు?"

"నిరుడు పేచీ వచ్చినప్పుడు ఇటే నిలబడ్డానండి," అన్నాడు నీలకంఠం. "రేవు దగ్గర మూడు రోజులు కాపలా కాశాను. మీరూ చూశారు."

"చూశాం. కానీ మనసులో ఏముందో ఎవరికి తెలుసు?"

"మీ మనసులో ఏముందో మిమ్మల్నెవరూ అడగలేదు కదండీ!"

"మేం ఇక్కడ పుట్టినవాళ్ళం. మమ్మల్ని అడిగేదేమిటి?"

సభలో కొందరు తలలూపారు. కొందరు నేల చూపులు చూశారు. నీలకంఠం ఎవరివంకా చూడలేదు. ఒక్క కోటప్ప వంకే చూశాడు.

కోటప్పకి చెప్పాల్సిన మాట నాలుక చివరనే ఉంది. ఇది అన్యాయం అని తెలుసు. ఈ వేషం ఇతను తప్ప ఇంకెవరూ కట్టలేరనీ తెలుసు. కానీ పెద్దలకు కోపం వస్తే? నాటకానికి చోటివ్వం పొమ్మంటే? మేళం ఏమైపోతుంది? అలా అనుకుని, ఆ మాటను గుటకలో మింగేశాడు.

"పోనీలే నీలకంఠం," అన్నాడు నంగినంగిగా. "ఈ ఒక్క ఏడాదికి సర్దుకో. వచ్చే ఏడు చూద్దాం."

నీలకంఠం మెడలో వేలాడుతున్న మోదుగాకుల మొహం విప్పి గురువు కాళ్ళ దగ్గర పెట్టాడు. వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళడాన్ని కోటప్ప చూశాడు. అయినా కూర్చునే ఉన్నాడు.

పెద్దిరాజు ఆ వేషం కృష్ణజింక రాయుడికి ఇప్పించాడు. రాయుడి ఏడు తరాలూ ఇవతలి ఒడ్డునే పుట్టాయట. రాయుడు మంచివాడే. "అయ్యా, నాకు నలుగురిలో నోరు పెగలదండీ," అని మొత్తుకున్నాడు. "నోరు పెగలకపోతే ఏం? పుట్టుక ఉందిగా!" అన్నాడు పెద్దిరాజు.

అక్కడితో ఆగిందా? చెదపురుగు ఒక్క కొయ్యతో ఆగుతుందా?

"మద్దెల కొట్టే వడ్రంగిపిట్ట ఎక్కడ పుట్టింది?" అన్నారు. దాని తల్లి అవతలి ఒడ్డున ఒక ఎండిన మద్దిచెట్టు తొర్రలో గుడ్డు పెట్టిందని తేలింది. వెళ్ళిపొమ్మన్నారు.

"మొహాలు అల్లే గిజిగాడు ఏ ఊరు?" అన్నారు. వానలకు వస్తాడు, ఎండలకు పోతాడు. ఎటూ కానివాడు. వద్దన్నారు.

ఆఖరికి పాటలు పాడే కోయిలను పిలిచారు. "నువ్వు ఎవరి గూట్లో పుట్టావు?"

"కాకమ్మ గూట్లోనండి," అన్నాడు కోయిల.

"అమ్మానాన్నలెవరు?"

"ఎరగనండి. కాకమ్మే పెంచింది."

ఇంకేముంది? వాణ్ణీ పొమ్మన్నారు. చిన్నప్పటినుంచీ వాడి పాట వింటూ నిద్ర లేచినవాళ్ళే పొమ్మన్నారు! కోటప్ప ప్రతిసారీ, "అయ్యో, అయ్యో," అనుకున్నాడు. మొదటిసారి తెరవని నోరు రెండోసారి తెరవడం ఇంకా కష్టం. మూడోసారికి నోరుందనే మరిచిపోతాం.

నాటకం రోజు వచ్చింది. సాయంత్రం ఎండ చల్లబడే వేళకి అడవి అడవంతా చేరింది. ఎలుగుబంటి పిల్లల్ని వీపున మోసుకొచ్చింది. మద్దెల లేదు. పాట లేదు. కొత్త మొహం అల్లేవాడు లేక పోయినేడాది ఆకులే చిల్లులు పడి వేలాడుతున్నాయి. మధ్యలో రాయుడు ఒక్కడే నిలబడ్డాడు.

"నేను... నేనే వీరన్నని," అన్నాడు. తర్వాత మాట రాలేదు. గెంతబోయి, జారి, కిరీటం కింద పడేసుకున్నాడు.

ముందు వరసలో ఒక లేడిపిల్ల వాళ్ళమ్మను అడిగింది, "అమ్మా, వీరన్న ఎప్పుడొస్తాడే?"

అందరికీ వినిపించింది. ఎవరూ నవ్వలేదు. రాయుడు మొహం విప్పి చేత పట్టుకున్నాడు. కళ్ళనిండా నీళ్ళు.

"వీరన్న రాడమ్మా," అన్నాడు. "వాణ్ణి పంపేసి నన్ను నిలబెట్టారు. నేనడిగానా? వాడి వేషం వాడికియ్యక నా పరువెందుకు తీశారు?"

అప్పుడు లేచాడు కోటప్ప. కోపంగా తోకతో నేలను కొట్టాడు. ఆ కోపం ముందు తనమీదే.

"తప్పు రాయుడిది కాదు. మొదటి తప్పు నాది," అన్నాడు. "నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను. మేళాన్ని కాపాడుకుందామనుకున్నాను. ఏదీ మేళం? చూపించండి! మద్దెల ఏదీ? పాట ఏదీ?"

"పద్ధతి అంటూ ఒకటుండాలి కదా కోటప్పా," అన్నాడు పెద్దిరాజు.

"ఉండాలండి. అందుకే అడుగుతున్నాను. మంటల్లో పిల్ల ఏడ్చినప్పుడు వీరన్న ఏం చేశాడు? ఏ ఒడ్డు పిల్లవే నువ్వు, మీ అమ్మ ఎక్కడ పుట్టింది, ఎవరి గూట్లో పెరిగావు అని అడిగాడా? అవన్నీ అడిగి తేల్చుకుని అప్పుడు దూకాడా? అలా అడిగుంటే ఆ పిల్ల కాలి బూడిదయ్యేది. వాడికి వీరన్న అని పేరూ వచ్చేది కాదు. మీరు చేసేదే వాడూ చేసుంటే, ఏటేటా మనం ఇక్కడ కూర్చుని చప్పట్లు కొట్టేది దేనికి?"

పెద్దిరాజు మెడ పక్కకి తిరగదుగా, అందుకని కళ్ళు దించుకున్నాడు.

"ఇవాళ ఆట లేదు," అన్నాడు కోటప్ప. "నేను వెళ్ళి నా వాళ్ళను బతిమాలి తెచ్చుకుంటాను. వాళ్ళు వస్తే ఆట. రాకపోతే ఈ అడవిలో నాటకమే లేదు."

మర్నాడు పొద్దున్నే వెళ్ళాడు. కోయిల వచ్చాడు. వడ్రంగిపిట్ట కాసేపు అలిగి వచ్చింది. గిజిగాడు మూతి ముడుచుకుని, అయినా గడ్డిపోచ నోట కరుచుకునే వచ్చాడు. నీలకంఠం ఏటి ఒడ్డున గడ్డి మేస్తున్నాడు. తల ఎత్తలేదు.

"నీలకంఠం, తప్పయిపోయిందిరా," అన్నాడు కోటప్ప.

"పెద్దిరాజు గారి మాటలకు నాకంత నొప్పి కలగలేదు తాతా," అన్నాడు నీలకంఠం మెల్లగా. "ఆయన నన్నెరగడు. నువ్వు ఎరుగుదువు. నువ్వే నన్ను సర్దుకోమన్నావు. ఎంతకని సర్దుకోను? దూడగా ఉన్నప్పటినుంచీ సర్దుకుంటూనే ఉన్నాను."

ముసలాయన నేలమీద కూర్చుండిపోయాడు. "నిజమే నాయనా. రమ్మని అడిగే మొహం కూడా లేదు నాకు. అయినా అడుగుతున్నాను," అన్నాడు.

నీలకంఠం ఆలోచించాడు. "వస్తాను. కానీ ఎవరికీ ఏదీ రుజువు చెయ్యడానికి రాను. ఒట్లు పెట్టను. ఆట ఆడతాను, అంతే."

"అంతే చాలు. ఇంకెవడైనా ఇంకేదైనా అడిగితే జవాబు నేను చెబుతాను," అన్నాడు కోటప్ప.

మూడు రోజుల తర్వాత ఆట జరిగింది. ఎలాంటి ఆట అనుకున్నారు! మద్దెల మోగింది. కోయిల గొంతెత్తాడు. నీలకంఠం ఏరు దాటాడు, ఆగాడు, చెవి తిప్పాడు, మంటల్లోకి దూకాడు. అడవంతా ఒక్క గొంతై, "అడవి తల్లికి జై!" అంది. అందరికంటే ముందు లేచి గంతులేసింది ఎవరో తెలుసా? రాయుడు.

ఆట ముగిశాక పెద్దిరాజు గుంపును తోసుకుంటూ ముందుకొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"శభాష్!" అన్నాడు. "ఇంత బాగా చేస్తావనుకోలేదు. ఇవాల్టినుంచీ నువ్వు మావాడివే!"

చుట్టూ ఉన్నవాళ్ళు సంతోషించారు. అంతా సుఖాంతం అనుకున్నారు. నీలకంఠం మాత్రం నవ్వలేదు. కిరీటం తీసి పక్కన పెట్టాడు.

"బాగా చేసినందుకా బాబూ?" అని అడిగాడు. "రేపు నా కాలు తడబడితే మళ్ళీ అవతలి ఒడ్డువాణ్ణా? మొన్న రాయుడి కాలు జారింది. వాడు ఇవతలివాడు కాకుండా పోయాడా?"

పెద్దిరాజు నోరు తెరిచాడు. నీలకంఠం ఎదురు చూశాడు. అడవి మొత్తం ఎదురు చూసింది. ఎంతసేపటికీ జవాబు రాలేదు. అప్పుడు నీలకంఠం దండం పెట్టి, దాహానికి ఏటి వైపు నడిచాడు. కోటప్ప, రాయుడు, కోయిల అతని వెంట నడిచారు. పెద్దిరాజు అక్కడే నిలబడ్డాడు. చీకటి పడుతున్నా, పిల్లా పెద్దా ఇళ్ళకు వెళ్ళిపోతున్నా, ఆ ప్రశ్న దగ్గరే నిలబడిపోయాడు.

నీతి: వీరుడి వేషానికి చూడాల్సింది గుండె, గూడు కాదు; అన్యాయం ఎదుట మౌనంగా కూర్చున్నవాడు అన్యాయానికి పీట వేసినట్టే.