ఎదురు రెక్క

భార్య ఏడుపు ఎలా ఆపాలో ఐలయ్యకు తెలియలేదు.

ఎంత మొండికేసిన ఇంజనునైనా పొద్దుగూకేలోపు దారికి తెచ్చే మనిషి. వరంగల్‌లో పాత కార్లున్నవాళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు అతని షెడ్డు ముందు నిలబడాల్సిందే. అలాంటివాడు ఇంట్లో కనకలక్ష్మి ముందు చేతులెత్తేశాడు.

వాళ్ళకు ఒక్కతే కూతురు, సౌజన్య. డిగ్రీ చదువుతుండగా వానాకాలంలో జ్వరం వచ్చింది. ఆస్పత్రికి తన కాళ్ళతో నడిచి వెళ్ళిన పిల్ల మళ్ళీ ఇంటికి నడిచి రాలేదు.

ఐలయ్య ఏడవలేదు. దినాలు కాగానే షెడ్డు తెరిచాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళకు తనే ధైర్యం చెప్పి పంపాడు. "ఐలయ్యది రాయి గుండె" అని నలుగురూ అంటుంటే, ఆ మాట అతనికి మెచ్చుకోలుగానే వినపడింది. అన్నవాళ్ళలో మెచ్చుకున్నవాళ్ళెందరో, నొచ్చుకున్నవాళ్ళెందరో అతను ఆలోచించలేదు.

సౌజన్య జ్వరం రావడానికి ముందురోజు ఉతికి ఆరేసుకున్న పసుపుపచ్చ చున్నీ ఇంకా పెరట్లో దండెం మీదే ఉంది. వానకు తడిసింది, ఎండకు వెలిసింది. కనకలక్ష్మి దాన్ని తీయదు, ఎవరినీ తీయనివ్వదు. సాయంత్రమైతే చాలు, దాని కింద కూర్చుని ఏడుస్తుంది. అన్నం ముందు పెట్టుకున్నా ఏడుపే, పొయ్యి ముందు కూర్చున్నా ఏడుపే.

ఐలయ్య నచ్చజెప్పి చూశాడు. కసిరి చూశాడు. ఒక రోజు పొద్దున ఓపిక చచ్చి, చున్నీని దండెం మీంచి లాగేసి, ట్రంకుపెట్టెలో పడేసి తాళం వేశాడు.

"నన్ను జూసి నేర్చుకో. నాకు లేదా బాధ? నేను గట్టిగ లేనా?" అన్నాడు.

కనకలక్ష్మి టక్కున ఏడుపు ఆపేసింది. హమ్మయ్య, గెలిచాననుకున్నాడు ఐలయ్య. కాని ఆమె ఏడుపుతో పాటు మాట కూడా ఆపేసింది. అతను చొక్కా తొడుక్కుంటుంటే, లోపల ఆమె తన తమ్ముడితో ఫోన్లో మాట్లాడటం చెవినపడింది.

"రేపచ్చి నన్ను తీస్కపో తమ్మీ. మళ్ళ ఈ ఇంటికి రాను."

ఆమె మాటంటే మాటే. ఇన్నేళ్ళ కాపురంలో ఆ సంగతి ఐలయ్యకు తెలియనిది కాదు. అయినా ఏమీ విననట్టే చెప్పులేసుకుని షెడ్డుకు వెళ్ళిపోయాడు.

ఆ షెడ్డు నిజానికి యాకూబ్ ఉస్తాద్‌ది. ఐలయ్యకు పని నేర్పింది ఆయనే. ఇప్పుడు చూపు తగ్గి, చేతులు వణుకుతున్నాయని పానాలు శిష్యుడి చేతిలో పెట్టి, బల్ల మీద కూర్చుని చాయ తాగుతుంటాడు. చాయకు చక్కెర ఎక్కువ, నోటికి మాట తక్కువ. గురువారం మాత్రం షెడ్డుకు రాడు, దర్గాకు పోతాడు.

ఆ రోజు ఒక రిటైరైన పంతులుగారి పాత అంబాసిడర్ మరమ్మతుకు ఉంది. ఆయన దాన్ని కడుపున పుట్టినదానికన్నా ఎక్కువగా చూసుకుంటాడు. చిన్న పనే. పని ముగించి ఐలయ్య ఇంజను స్టార్ట్ చేశాడు.

ఫెళ్ళుమంది. రేడియేటర్ వెనక ఫ్యాను దగ్గర అతను మరిచిపోయిన పానా ఎగిరి వచ్చి షెడ్డు గోడకు తగిలింది. నాలుగు రెక్కల ఇనప ఫ్యానులో ఒక రెక్క సగానికి విరిగిపోయింది.

యాకూబ్ ఉస్తాద్ చాయ గ్లాసు దించాడు.

"పానా మర్చిపోయినవా?"

"మర్చిపోయిన."

"ఎన్నడన్న మర్చిపోయినవా ఇంతకుముందు?"

ఐలయ్యకు తల కొట్టేసినట్టయింది. పనికి చేరిన కొత్తలో కూడా అలాంటి పని చేయలేదతను. ఆ సిగ్గులోనే, పొద్దుటినుంచి మనసులో దాచుకున్నది బయటికి వచ్చేసింది.

"ఉస్తాద్, మీరొక్కసారి మా ఇంటికి రావాలె. మీ మాటంటే మా ఇంటిదానికి గురి. రేపు తల్లిగారింటికి పోతదట, మళ్ళ రాదట. జర గట్టిగుండుమని చెప్పుండ్రి. నేను లేనా గట్టిగ? నేనేమన్న ఏడుస్తున్ననా?"

ఉస్తాద్ విరిగిన రెక్క వైపు వేలు చూపించాడు.

"ముందు ఆ ఫ్యాన్ సంగతి జూడు" అన్నాడు.

ఆ కాలపు ఫ్యాను ఇప్పుడు బజార్లో దొరికేది కాదు. ఐలయ్య విరిగిన ముక్కను తెచ్చి, రెక్కకు ఆనించి వెల్డింగ్ చేశాడు. మళ్ళీ విరగకూడదని వెనక మందపాటి ఇనప పట్టీ కూడా అతికించాడు. ఎవరైనా గట్టిదనమంటే అదే అనుకుంటారు.

ఇంజను స్టార్టయింది. ఉస్తాద్ లేచి వచ్చి, తన చాయ గ్లాసును కారు ముందు చక్రం మీది రేకు మీద పెట్టాడు. గ్లాసు గడగడలాడింది. చాయ ఒలికింది. ఐలయ్య కొంచెం వేగం పెంచేసరికి అతుకు ఊడిపోయి, పట్టీతో సహా ముక్క ఎగిరి కింద పడింది.

ఐలయ్య పళ్ళు కొరికాడు. ఫ్యాను విప్పి, విరిగిన రెక్కను మొదలుకంటా కోసి, ఆకురాయితో నున్నగా రాకాడు.

"పీడ వదిలింది. మూడు రెక్కలు మంచిగనే ఉన్నయి. గాటితోని నడుస్తది."

మళ్ళీ బిగించి స్టార్ట్ చేశాడు. ఉస్తాద్ మళ్ళీ గ్లాసు పెట్టాడు. ఈసారి గ్లాసు జరిగి జరిగి అంచు దాకా పోతే ఉస్తాదే పట్టుకున్నాడు.

"ఇట్లనే నడిపితే ఏమైతది?" అని అడిగాడు.

"బేరింగ్ పోతది. పంపు పోతది. ఆఖరికి ఇంజనే పోతది" అన్నాడు ఐలయ్య. తెలియని సంగతా అది. తెలిసీ చేతులు మొండిగా అదే పని చేస్తున్నాయి ఆ రోజు.

ఉస్తాద్ ఇంజను ఆపించాడు. ఫ్యాను విప్పమన్నాడు. వణికే చేతులతోనే దాన్ని బల్లకున్న ఇనప పట్టు, వైసులో బిగించి, రంపం తీసుకుని, కోసేసిన రెక్కకు సరిగ్గా ఎదురుగా ఉన్న రెక్క మీద పెట్టాడు.

"ఉస్తాద్, అది మంచి రెక్క!"

"మంచిదే" అన్నాడు ఉస్తాద్. కోయడం మొదలుపెట్టాడు.

కొంచెం తెగేసరికి ఆయనకు ఆయాసం వచ్చింది. రంపం శిష్యుడి చేతికిచ్చాడు.

"నువ్వు కొయ్యి."

ఐలయ్య తీసుకున్నాడు. చిన్న సొట్ట కూడా లేని రెక్క అది. ఇన్నేళ్ళ నుంచి గాలి విసిరిన రెక్క. రంపం ముందుకీ వెనక్కీ పోతుంటే ఇనుము కీచుమంది. ఒకచోట చెయ్యి ఆగిపోయింది. ఉస్తాద్ తొందరపెట్టలేదు. ఐలయ్య మళ్ళీ కోశాడు. తెగిన రెక్క ఖంగుమని నేల మీద పడ్డప్పుడు అతను ఉలిక్కిపడ్డాడు.

రెండు రెక్కల ఫ్యానును బిగించి ఇంజను స్టార్ట్ చేశారు. ఉస్తాద్ గ్లాసు పెట్టాడు. అందులో మిగిలిన కాస్త చాయ కదలకుండా నిలిచింది.

ఐలయ్య వంగి ఆ గ్లాసును చూశాడు.

"గాలి సగమే వస్తది ఉస్తాద్" అన్నాడు. "జల్ది వేడెక్కుతది."

"ఎక్కుతది. నెమ్మదిగ పోవాలె. నడుమ నడుమ ఆగాలె, నీళ్ళు పొయ్యాలె. కాని పోతది."

ఉస్తాద్ భుజం మీది తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. వెళ్ళి బల్ల మీద కూర్చున్నాడు.

"ఒక రెక్క ఇరిగినందుకు వణకలే కొడుకా ఆ బండి" అన్నాడు. "ఎదురు రెక్క ఇరగనందుకు వణికింది."

ఐలయ్య ఇంజను ఆపాడు. షెడ్డు మూయకుండానే ఇంటికి బయల్దేరాడు.

అతను వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. గుమ్మం పక్కన కనకలక్ష్మి సర్దుకున్న సంచీ ఉంది. ఆమె వంటింట్లో అటు తిరిగి నిలబడి ఉంది. అతను లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె తాళం తీశాడు. చున్నీ తెచ్చి పెరట్లో దండెం మీద, పొద్దున లాగేసిన చోటే, ఆరేశాడు. మడతలు సాపు చేయబోయాడు. ఆ పాతబట్టలో ఎక్కడో ఇంకా బిడ్డ వాసన ఉంది. లేకపోయినా అతనికి ఉందనిపించింది.

రోజూ భార్య కూర్చునే చోటే కూలబడ్డాడు. అన్నాళ్ళుగా ఆగిన ఏడుపు అప్పుడు వచ్చింది. మగవాడి ఏడుపని కూడా చూసుకోలేదు. "సౌజీ, నా తల్లీ" అని గొంతెత్తి ఏడ్చాడు. గోడ అవతల పక్కింటివాళ్ళు తొంగి చూసి తలలు వంచుకున్నారు.

కనకలక్ష్మి వంటింటి గడపలో కాసేపు నిలబడింది. తర్వాత వచ్చి అతని పక్కన కూర్చుంది. ఓదార్చలేదు. ఊరుకోమనలేదు. అతని భుజానికి తన భుజం ఆనించి తనూ ఏడ్చింది.

ఇద్దరి కళ్ళూ కొంచెం తెరిపి ఇచ్చాక ఆమె తలెత్తి దండెం వైపు చూసింది.

"క్లిప్పు వెట్టు" అంది. "గాలికి కొట్టుకపోతది."