బీరవ్వ చేసిన ఉన్ని గొర్రె

అనగనగా, ఇంటింటికీ గొర్రెల మంద ఉన్న ఒక ఊళ్ళో, బీరవ్వ అని తొమ్మిదేళ్ళ పిల్ల ఉండేదిరా బంగారూ. అచ్చం నీలాగే, పట్టిన పట్టు వదలదు.

ఒకరోజు వాళ్ళ నల్లచెవుల గొర్రె ఈనింది. ఒకటి కాదు, రెండు కాదు, మూడు పిల్లలు! రెండింటిని నాకి నాకి దగ్గరికి తీసుకుంది. మూడోది మరీ బుడత. అది పాలకొస్తే చాలు, తల్లి తలతో ఒక్క నెట్టు నెట్టేది.

బీరవ్వ సీసాలో పాలు పోసి పట్టింది. బుడత నోరు తెరవలేదు. ఓ మూల ఒంటరిగా వణుకుతూ పడుకుంది.

"పొద్దుగూకేలోపు దాని కడుపులో పాలు పడకపోతే కష్టం బిడ్డా," అన్నాడు వాళ్ళ నాయిన.

బీరవ్వకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అనుకుంది, 'దీనికి తల్లి కావాలి, అంతే కదా. నేనే చేస్తా!'

వాళ్ళ చిన్నమ్మ మైసవ్వ ఉన్నితో బొమ్మలు చేసేది. ఆవిడ దగ్గర ఒక సూది ఉంది. దాని కొసన సన్నసన్నటి గాట్లు. ఉన్నిని ముద్దచేసి ఆ సూదితో చకచకా గుచ్చుతూ పోతే, పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిపడతాయి. దారం అక్కర్లేదు, జిగురు అక్కర్లేదు.

"చూసి గుచ్చవే. సూదికి ఉన్నీ వేలూ ఒకటే," అని చెప్పి మరీ సూదీ, కాస్త ఉన్నీ ఇచ్చింది చిన్నమ్మ.

అప్పుడు బీరవ్వ గుచ్చింది, గుచ్చింది, ఒక బొమ్మ చేసింది. నాయిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది గొర్రెనా, సొరకాయనా?" అన్నాడు. నిజంగానే సొరకాయలా ఉంది!

ఆ తర్వాత రెండోది చేసింది. దానికి నాలుగు కాళ్ళు, రెండు చెవులు, మల్లెపూవంత తెలుపు. ఎంత ముద్దుగా ఉందో! బుడత దగ్గర పెడితే మాత్రం, అది వాసన చూసి, హాఛ్ అని తుమ్మి, మొహం తిప్పేసుకుంది.

బీరవ్వ కూడా వాసన చూసింది. కుంకుడుకాయల వాసన! ఉతికిన ఉన్ని కదా మరి. అందులో తల్లి వాసన ఎక్కడుంటుంది?

పొద్దు వాలుతోంది. బీరవ్వ ఒక్క పరుగున కొట్టంలోకి పోయింది. నల్లచెవుల గొర్రెకి మొన్న కత్తిరించిన బొచ్చు అక్కడ గోనెసంచిలో ఉంది. మట్టి, పల్లేరుకాయలు, ఒకటే కంపు. దాంతోనే మూడోది మొదలుపెట్టింది. వేలికి రెండుసార్లు గుచ్చుకుంది. వేలు నోట్లో పెట్టుకుని చీకింది, మళ్ళీ గుచ్చింది.

తయారయ్యాక చూస్తే ఒక చెవి పైకి, ఒక చెవి కిందికి! అయినా దాని పొట్ట కింద పాలసీసా దూర్చి, బుడత పక్కన పెట్టింది.

బుడత మూతి చాచింది. వాసన చూసింది. "మే..." అంటూ ఆ కంపు ఉన్నిలోకి దూరిపోయి, గుటగుటా పాలు తాగేసింది!

"నాయినా, తాగుతోంది!" అని బీరవ్వ ఎగిరి గంతేసింది.

రాత్రంతా బుడత ఆ బొమ్మని కరుచుకునే పడుకుంది. తెల్లారేసరికి దాని ఒంటికంతా తల్లి వాసన పట్టేసింది. అప్పుడు నల్లచెవుల గొర్రె వచ్చి, బుడతని ఒకసారి మూచూసింది. ఇంకోసారి మూచూసింది. మూడోసారి నాలుక చాచి, మొహమంతా నాకేసింది!

తల్లికి ఉన్నవి రెండే చన్నులు కదరా. ముందుగా దూరి ఒకటి పట్టుకున్నది ఎవరనుకున్నావు? మన బుడతే! దాని అన్న గొర్రెపిల్ల ఒకటి పక్కన నిలబడి, తోకాడిస్తూ వంతు కోసం చూసింది.

కథేమో నడిచెళ్ళె కంచికి,
కన్నేమో వాలిపోయె మంచానికి.